ఉతకాలి, ఆరెయ్యాలి, మడత పెట్టాలి – ఎవరు?

పోయిన ఏడాది ఉగాదికి ముందు, ఒక దినపత్రికలో పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసింది. "పండక్కి స్పెషల్ పేజీ వేస్తున్నాం. పట్టుచీరల సంరక్షణ, బట్టల మీద మరకలు పోగొట్టడం, ఇంటి అలంకరణ, అన్నీ కలిపి ఓ వెయ్యి మాటలు రాసిస్తావా? నీ తెలుగు బావుంటుంది కదా" అంది. నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేశాను. అదీ స్త్రీల పత్రికల మీదే. మూడేళ్ళుగా ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. ఆ నెల జీతం ఇంకా రాలేదు. ఆ మాటకొస్తే అంతకుముందు నెలదీ రాలేదు. సరే అన్నాను.

రాయడానికి కష్టపడిందేమీ లేదు. అమ్మ దగ్గర, అత్తగారి దగ్గర, పాత వారపత్రికల్లో చిన్నప్పట్నుంచీ విన్నవీ చదివినవే. పట్టుచీరని నీడలో ఆరెయ్యాలి. అప్పుడప్పుడూ మడతలు మార్చాలి, లేకపోతే మడత దగ్గర జరీ చిట్లిపోతుంది. కాలరు మీద జిడ్డు పోవాలంటే ఉతికేముందు సబ్బు రాసి కాసేపు ఉంచాలి. నెత్తురు మరకని వేణ్ణీళ్ళలో తడపకూడదు, చన్నీళ్ళతోనే కడగాలి. ఇలా అర పేజీ రాశాక ఆగి చదువుకున్నాను. వాక్యాల్లో తప్పేమీ లేదు. అయినా ఎక్కడో వెలితిగా అనిపించి మళ్ళీ చదివాను. ఒక్క వాక్యంలో కూడా మనిషన్నది లేదు.

కాలరు ఉంది. జిడ్డు ఉంది. సబ్బు ఉంది. ఆ కాలరులో మెడ పెట్టుకుని రోజంతా తిరిగినవాడు లేడు. దాన్ని రుద్దే చెయ్యీ లేదు. మరక దానంతటదే పడింది, దానంతటదే పోతుంది.

తెలుగులో ఇది మహా సుఖమైన ఏర్పాటు. 'చెయ్యవలెను' అరిగి అరిగి 'చెయ్యాలి' అయింది. నేను చెయ్యాలి, వాడు చెయ్యాలి, మనం చెయ్యాలి – ఎవరైనా క్రియ మారదు. మామూలుగా మన భాషలో కర్తని వదిలేసినా క్రియ చివర దాని జాడ మిగులుతుంది. 'ఉతికాను' అంటే నేను. 'ఉతికాడు' అంటే అతను (ఈ రెండో మాట మీ ఇళ్ళలో ఎన్నిసార్లు విన్నారో గుర్తు చేసుకోండి). 'ఉతకాలి'కి ఆ జాడ కూడా ఉండదు. 'కూడదు'దీ అదే తంతు. నానబెట్టాలి, ఉతకాలి, జాడించాలి, పిండాలి, ఆరెయ్యాలి. వరసగా పైకి చదువుతుంటే నాకు ప్రతిదాని చివరా 'ఆలి' అనే వినిపించింది. ఆలు, ఆలి, ఇల్లాలు. వ్యుత్పత్తి తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. అది నాకూ తెలుసు. కానీ వందేళ్ళుగా ఈ వాక్యాలు చదువుతున్న ఆడవాళ్ళకి ఆ కర్త ఎవరో ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. పేజీ పైన 'మహిళ' అనో, 'వనిత' అనో రాసి ఉంటే చాలు, కర్త కుదిరిపోతుంది. చొక్కాలు తొడుక్కునేది మగవాళ్ళే. కాలరు జిడ్డు గురించి వ్యాపారం పేజీలోనో, క్రికెట్ స్కోరు పక్కనో రాసిన పత్రిక నా కంట ఇంతవరకు పడలేదు.

నా పరిశోధన ఈ పత్రికల పుట్టుక గురించే. 1883లో కందుకూరి వీరేశలింగం గారి 'సతీహితబోధిని', 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో కె.ఎన్. కేసరి గారు మద్రాసు నుంచి తెచ్చిన 'గృహలక్ష్మి'. ఆడపిల్లకి చదువెందుకని ఎదురుతిరిగిన సమాజంతో సంస్కర్తలు ఒక బేరం కుదుర్చుకున్నారు. చదువుకుంటే ఇల్లు ఇంకా బాగా దిద్దుకుంటుంది, పిల్లల్ని ఇంకా బాగా పెంచుతుంది, భర్తకి ఇంకా తగిన తోడవుతుంది అన్నారు. ఆ బేరం లేకపోతే నేనీ రోజు ఈ వ్యాసం రాయగలిగేదాన్ని కాదు, నిజమే. కానీ బేరమన్నాక ఇవ్వాల్సింది కూడా ఉంటుంది. మనం చదువు పుచ్చుకున్నాం. ఇల్లు దిద్దే పని అప్పటికే మన చేతుల్లో ఉంది. ఆ రోజుతో అది శాస్త్రం కూడా అయి కూర్చుంది. ఇవన్నీ నా సిద్ధాంతగ్రంథంలో రాశాను. నాలుగువందల పేజీలు.

ఆ నాలుగువందల పేజీలూ ఎలా రాశానో మాత్రం అందులో లేదు.

అప్పటికి మా బాబుకి నాలుగేళ్ళు. రాత్రిళ్ళు పక్క తడిపేవాడు. నాన్న పోయాక అమ్మ తెనాలిలో ఒంటరిగా ఉండేది. "నువ్వు రాసుకో, నేను చూసుకుంటాలే" అంటూ హైదరాబాదు వచ్చేసింది. మూడేళ్ళు చూసుకుంది. పొద్దున్నే దుప్పట్లు, బాబు యూనిఫారాలు, నా డ్రెస్సులు, మా ఆయన చొక్కాలు. ఇంటిపని మీద అరవై పేజీల అధ్యాయం రాసిన ఐదు నెలల్లో నేను ఒక్క జేబురుమాలు కూడా ఉతకలేదు. గ్రంథం పూర్తయ్యాక కృతజ్ఞతలు రాశాను. పర్యవేక్షకులకి, రెండు గ్రంథాలయాల సిబ్బందికి, పాత సంచికలు వెతికిచ్చిన మిత్రులకి, 'నా సహచరుడి సహకారానికి', 'అమ్మ ప్రేమకి'.

అమ్మ చేసింది పని. నేను రాసింది ప్రేమ అని. లైబ్రేరియన్‌కైతే చేసిన పని పేరు పెట్టి మరీ కృతజ్ఞత చెప్పాను. పనంటే లెక్క అడుగుతుంది, ఎన్ని గంటలు అంటుంది, రేపు చెయ్యనంటే ఎవరు చేస్తారని అంటుంది. ప్రేమ ఏమీ అడగదు. అదృశ్య శ్రమ గురించి అధ్యాయం రాసినదాన్నే ఆ శ్రమని ఒక్క మాటతో మాయం చేశాను. ఈ వ్యాసంలో ఎవరినైనా నిలదీసే ముందు ఇది చెప్పుకోకపోతే సిగ్గుచేటు.

ఇక సహకారం సంగతి. మా ఆయన మంచివాడే. "మెషీన్ నేనే వేస్తాను" అని నలుగురిలో చెప్తాడు, అది అబద్ధమూ కాదు. అందుకే ఒక ఆదివారం గడియారం పక్కన పెట్టుకుని చూశాను. బట్టలు ఉతకడమంటే ఏమిటో విడివిడిగా రాస్తే ఇలా తేలింది. ఇల్లంతా తిరిగి తలుపుల వెనక, కుర్చీల మీద, బాత్రూము కొక్కేనికి వేలాడేవన్నీ పోగెయ్యడం. తెల్లవీ రంగువీ విడదీయడం. జేబులు వెతకడం (ఒక కాగితం రుమాలు మిగిలిపోతే ఆ వారం నల్లబట్టలన్నీ పాడు). రంగు దిగేవి పక్కన పెట్టడం. కాలర్లూ కఫ్‌లూ చేత్తో రుద్దడం. మెషీన్లో వెయ్యడం, బటన్ నొక్కడం. అయ్యాక వెంటనే తియ్యడం, లేదంటే ముక్కవాసన. దులిపి, తిరగేసి, ఎండ ఏ పక్కన ఉందో చూసుకుని ఆరెయ్యడం. మబ్బేస్తే పరిగెత్తి తియ్యడం. మడతలు పెట్టడం. ఇస్త్రీకి ఏవి వెళ్ళాలో, ఎన్ని వెళ్ళాయో లెక్క రాసుకోవడం. వచ్చినవి ఎవరి అరలో వాళ్ళకి సర్దడం. ఊడిన గుండీలు కుట్టడం. మా ఆయన బటన్ నొక్కడానికి, పౌడరు పొయ్యడంతో సహా, పట్టింది రెండు నిమిషాలు. ముందూ వెనకా పట్టింది గంటా నలభై నిమిషాలు. ఇంతకీ ఆ పూట బట్టలు ఉతికిందెవరు? మా ఇంట్లో అడిగితే "మెషీన్" అంటారు.

యంత్రాలు వచ్చాక ఆడవాళ్ళకి పనే లేకుండా పోయిందనేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి జవాబు చెప్పింది. ఆ దేశంలో అంతకుముందు చాలా ఇళ్ళ బట్టలు చాకలి స్త్రీలకో, లాండ్రీలకో వెళ్ళేవి. మెషీన్ ఆ పనిని తిరిగి ఇంట్లోకి తెచ్చి గృహిణి నెత్తిన పెట్టింది. ఉతకడం తేలికయ్యేసరికి ఉతకాల్సినవి పెరిగాయి, శుభ్రతకి కొలత పెరిగింది. రెండు రోజులు తొడుక్కున్న చొక్కా ఒక్కరోజుకే మాసినట్టు లెక్క.

మన దగ్గర ఈ కథ ఇంకోలా నడిచింది. ఎందుకంటే ఇక్కడ ఉతికే పనికి కులం ఉంది.

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక రజక కుటుంబం మొత్తం మా వీధి బట్టలన్నీ ఉతికేది. ఏ మూట ఎవరిదో తెలియడానికి అంచు మూల జీడిగింజ రసంతో గుర్తు పెట్టేవాళ్ళు. ఆ గుర్తు బట్ట చిరిగినా పోదు. చౌడు నీళ్ళలో ముంచిన బట్టల్ని బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బ వేసేవాళ్ళు. తెల్లారి రేవులో బండ మీద ఉతికేవాళ్ళు. ఏ బట్టకి ఎంత చౌడు, ఏ రంగుకి ఎంత ఆవిరి, పట్టుకి కుంకుడు రసమే ఎందుకు – ఇదంతా తరాల విద్య. ఈ విద్యకి ఇచ్చింది ఏడాదికి కాసిన్ని గింజలు, సాయంత్రం ఇంటింటికీ గిన్నె పట్టుకు వస్తే ఇంత అన్నం. పురుటి బట్టలు, ముట్టు బట్టలు వేరే మూటగా పెరటి గుమ్మం దగ్గర పడేసి ఉండేవి. ఆమె ఉతికి తెచ్చిన తెల్లటి బట్టని మా అమ్మమ్మ మళ్ళీ తడిపి, ఎత్తున కట్టిన దండెం మీద కర్రతో ఆరేసేది. అలా అయితేగాని మడి కాదు. మరక పోయిన బట్ట మడి కాకపోవడానికి కారణం ఆ మరక పోగొట్టిన చెయ్యి. చిన్నప్పుడు ఆ కర్రతో బట్ట ఆరెయ్యడం నాకు గొప్ప ఆటగా ఉండేది. అది ఎవరికి దూరంగా ఉండడానికో చాలా ఏళ్ళకిగాని అర్థం కాలేదు.

హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడ్డ తన పంటని పాలకుర్తిలో నిలబడి కాపాడుకున్న మనిషి. సంతోషం. ఆ పేరులో మొదటి మాట ఒక పని పేరు. ఆ పని చేయించుకుని కూలి కాకుండా మిగిలిన అన్నం పెట్టిన ఇళ్ళలో మాదీ ఒకటి. ఆ విశ్వవిద్యాలయం గేటు ముందు నుంచి వెళ్తున్న ప్రతిసారీ గుర్తొస్తుంది.

1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో నిర్మా మొదలైంది. 1980లలో టీవీలో లలితాజీ చవకది కొనడం వేరు, మంచిది కొనడం వేరు అని దబాయించి చెప్పింది. పల్లెల నుంచి పట్నాలకొచ్చిన మధ్యతరగతి ఇళ్ళలో రేవు పని మెల్లగా బాత్రూములోకి చేరింది. ఉబ్బ వెయ్యడం తెలిసినవాళ్ళ విద్యకి గిరాకీ తగ్గింది. దాని జాగాలో పొడి పాకెట్ వెనక నాలుగు వాక్యాల సూచనలు వచ్చాయి, మళ్ళీ 'ఆలి'తోనే. అమ్మమ్మ తరంలో ఒక కులానికి అప్పజెప్పిన పని, అమ్మ తరానికి భార్యకి అప్పజెప్పారు. రెండు ఏర్పాట్లలోనూ మారనిది ఒకటుంది. చొక్కా విప్పి తలుపు మీద వేసినవాడు తలుపు దగ్గరే ఉన్నాడు.

స్త్రీవాద సాహిత్యం వంటింటిని బద్దలు కొట్టింది. విమల 'వంటిల్లు' కవిత చదివి ఉలిక్కిపడని మా తరం విద్యార్థిని లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోయిన ఇల్లాలు నాకు ఏ నవలా నాయిక కంటే దగ్గర. కానీ దళిత, బహుజన రచయిత్రులు వెంటనే ఒక ప్రశ్న అడిగారు. మీ వంటింటి కవిత్వంలో మీ గిన్నెలు తోమిన మా అమ్మలెక్కడ అని. దానికి మనలో చాలామందిమి ఇప్పటికీ సరిగా జవాబు చెప్పలేదు. నొచ్చుకున్నాం, తలూపాం, మన వ్యాసాల్లో ఒక పేరా చేర్చాం. ఇంటికెళ్ళి పనిమనిషి రాలేదని విసుక్కున్నాం.

నేను విసుక్కున్నాను. అందుకే రాస్తున్నాను. ఈ చర్చలో నాతోటి స్త్రీవాద మిత్రులే తరచూ ఇచ్చే పరిష్కారం "మనిషిని పెట్టుకో, నీ టైమ్ నువ్వు రాసుకోవడానికి వాడుకో" అన్నది. మా ఆయన చెయ్యని పనిని నా దగ్గర్నుంచి తీసి ఇంకో ఆడమనిషికి, నాకంటే తక్కువ డబ్బుకి, ఇవ్వడం అది. కర్త మళ్ళీ మారింది. వాక్యం మారలేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. దానికి ఓటేసిన మన దేశం ఈ రోజుకీ దాన్ని ధృవీకరించలేదు. వాళ్ళకంటూ ఒక జాతీయ చట్టం లేదు. దాని గురించి ఆలోచించడానికి కమిటీ వెయ్యమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పాల్సి వచ్చింది.

లెక్కలు కావాలనేవాళ్ళకి లెక్కలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88. స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు మగవాళ్ళవీ తొమ్మిది తగ్గాయి. ఇంకో మెలిక ఉంది. ఈ 88 నిమిషాలు 'చేసే' మగవాళ్ళవి. ఆ రోజు ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్ళు నూటికి 27 మంది. మిగిలిన 73 మందికి ఆ పూట ఇంట్లో పనే లేదు.

కోర్టులు ఇంటిపనికి ధర కట్టాయి. ఎప్పుడు? ఆమె ప్రమాదంలో చచ్చిపోయాక, నష్టపరిహారం లెక్క వెయ్యాల్సి వచ్చినప్పుడు. 2001లో లతా వాధ్వా కేసులో గృహిణి సేవల విలువ నెలకి 3000 రూపాయలన్నారు. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచెయ్యనివాళ్ళ కింద చూపడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు గృహిణి చేసే పనుల్ని ఒకటొకటిగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 16 కోట్ల మంది స్త్రీలు ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పారనీ, అలా చెప్పిన మగవాళ్ళు 58 లక్షలేననీ గుర్తు చేశారు. చదివితే కళ్ళు చెమ్మగిల్లే తీర్పు. బతికున్న ఆవిడ ఆ తీర్పు కాగితం పట్టుకెళ్ళి ఎవర్ని ఏమడగ్గలదో మాత్రం తెలియదు.

జీతం ఇమ్మంటారా అని అడుగుతారు. ఇటలీలో 1970లలో లేచిన ఉద్యమం అదే అడిగింది. తమిళనాడు ప్రభుత్వం 2023లో ఇంటి స్త్రీకి నెలకి 1000 రూపాయలు 'హక్కు సొమ్ము' పేరుతో మొదలుపెట్టింది, చేతిలో వెయ్యి పడితే ఎవరు కాదంటారు. కానీ ఈ విషయంలో నేను రంగనాయకమ్మ గారి వైపే. ఇంటిపనీ బయటిపనీ ఇద్దరూ చెయ్యాలన్న ఆవిడ మాట దగ్గర ఉన్నాను. వెయ్యి ఇచ్చినా, పదివేలు ఇచ్చినా, ఆ చొక్కా ఆవిడదే అవుతుంది.

ఇప్పుడు అలంకరణ. ఇక్కడ నాకు మాట తడబడుతుంది, ఒప్పుకుంటాను. తెనాలి ఇంట్లో మా హాలు కళ్ళముందు కదుల్తుంది. అద్దాల షోకేసులో ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి దశావతారాలు, ఎవరో తెచ్చిన తాజ్‌మహల్. టీవీకి అమ్మ కుట్టిన కవరు. ఫ్రిజ్ పిడికి అల్లిన తొడుగు. దిండు గలీబుల మీద ఇంగ్లీషులో 'స్వీట్ డ్రీమ్స్'. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ అక్షరాల్ని పువ్వుల్లాగే చూసి కుట్టింది. క్రోషే సూది ఆమె వేళ్ళలో కదుల్తుంటే ఆమె ఎవరికీ చెందని మనిషిలా ఉండేది. దాన్ని చాకిరీ అనడానికి నాకు నోరు రాదు. ముగ్గు కూడా అంతే. తెల్లారుజామున ఇల్లు లేవకముందు అరగంటసేపు వీధి ఆమెది.

అయితే శనివారం శనివారం ఆ షోకేసు ఖాళీ చేసి ఒక్కో బొమ్మా తుడిచి సర్దడం మాత్రం ఆనందంగా ఉన్నట్టు ఆమె మొహం ఎప్పుడూ చెప్పలేదు. కుట్టడం ఇష్టం. తుడవడం భయం – ఎవరైనా వస్తే ఏమనుకుంటారో అని. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్న సామెత ఆమె వీపు మీద ఉండేది. ఇల్లు చూసి ఇంటాయన్ని చూడమని సామెత లేదు. మన పేజీలు చేసే మాయ ఇక్కడే ఉంది. ఇష్టాన్నీ భయాన్నీ ఒకే దారంతో కలిపి కుట్టి, దాని పేరు 'ఆధునిక గృహిణి అభిరుచి' అంటాయి. ఇంటిపని కళ అనేవాళ్ళని నేనడిగేది ఒక్కటే. ఏ కళాకారుడైనా ఒక రోజు మానేస్తే ఇంట్లో గొడవవుతుందా? సర్దుకోవడమే ఒక జీవనతత్వమని లోకానికి నేర్పిన జపాన్ రచయిత్రి మరీ కోండో కూడా, ముగ్గురు పిల్లల తల్లయ్యాక సర్దడం చాలావరకు వదిలేశానని 2023లో చెప్పేసింది. ఆ మాట విన్న రోజు ఆమె మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

గదుల్ని అలంకరించే మనిషికి గది లేదు. వాస్తు ప్రకారం నైరుతి యజమాని పడకగది, ఈశాన్యం దేవుడిది. పిల్లలకో గది, వస్తే చుట్టాలకో గది. ఆవిడకి ఆగ్నేయం. అక్కడ పొయ్యి ఉంటుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన గది సంగతి అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. నా గ్రంథం మొత్తం డైనింగ్ టేబుల్ మీదే రాశాను. భోజనాల వేళకి వీరేశలింగం గారూ, గురజాడ గారూ ఫ్రిజ్ పైకెక్కేవాళ్ళు. టేబుల్ తుడిచాక దిగేవాళ్ళు.

"మీరు ఇంటిపనిని కించపరుస్తున్నారు" అని ఒక సభలో ఒక పెద్దాయన నాతో అన్నారు. "మా ఆవిడ ఎంత ఇష్టంగా చేస్తుందో తెలుసా" అన్నారు. ఆయన చొక్కా గంజి పెట్టి పెళపెళలాడుతోంది. అంత గొప్ప పనైతే మీరెందుకు వదులుకున్నారండీ అని అడిగాను. సభలో ఆడవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చాక నాకే కొంచెం బాధేసింది. ఆ గంజి పెట్టినావిడ నా మాట విని ఉంటే తన పనిని వెక్కిరించాననుకునేదేమో. నాకు ఆ పని మీద చిన్నచూపు లేదు. నెత్తురు మరక చన్నీళ్ళకే పోతుందని తెలియడం ఒక జ్ఞానం. అది ఎవరి బట్ట మీద ఉందో వాళ్ళకి ఆ జ్ఞానం ఉండాలంటున్నాను. ఒంట్లో బాగోనివాళ్ళవీ, పసివాళ్ళవీ, ముసలివాళ్ళవీ మిగిలినవాళ్ళంతా వంతులవారీగా ఉతకాలంటున్నాను. (చూశారా, మళ్ళీ ఉతకాలి. కానీ ఈసారి కర్త ఉంది.)

ఆ పండగ పేజీ వ్యాసం మొత్తం తిరగరాశాను. 'మీ కాలరు జిడ్డు మీరే రుద్దుకోండి. రుద్దే ముందు సబ్బు రాసి కాసేపు ఉంచండి.' 'భర్త పట్టుపంచె భర్తా, భార్య పట్టుచీర భార్యా నీడలో ఆరేసుకుంటారు.' 'అలంకరణ మొదలుపెట్టే ముందు, ఈ ఇంట్లో తలుపేసుకుని కూర్చునే చోటు లేనిదెవరికో చూసి, ముందు ఆ చోటు చెయ్యండి.' చిట్కాలు ఒక్కటీ వదల్లేదు. స్నేహితురాలు ఫోన్లో పడీపడీ నవ్వింది. పండగనాడు పేజీ తెరిస్తే నా పేరు ముందు 'డా.' ఉంది. బట్టల బుట్ట పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. వాక్యాలన్నీ ఉన్నాయి, కర్తల్ని తీసేశారు. "డెస్క్‌లో టైట్ చేశారే" అంది స్నేహితురాలు, తనకీ నచ్చనట్టే.

ఇప్పుడు నా గ్రంథం పుస్తకంగా రాబోతోంది. కృతజ్ఞతల పేజీ మార్చాను. అమ్మ మూడేళ్ళలో చేసిన పనుల్ని పనులుగా రాశాను, ప్రేమ అన్న మాట తీసేశాను. అమ్మకి చదివి వినిపించాను. "నీ దుప్పట్లు ఉతికానని పుస్తకంలో రాస్తావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే! కొట్టెయ్ అది" అంది. కొట్టెయ్యనన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఏడేళ్ళుగా మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమె పేరు కూడా రాస్తానని ఆమెని అడిగాను. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మనిషి. చీపురు ఆపకుండానే, "పేరు రాస్తే నాకేమొస్తదమ్మా? ఐతారం సుట్టియ్యి" అంది. ఆమె పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

ఏడేళ్ళలో నేనా మాట ఎందుకు ముందే అడగలేదో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఆదివారం సెలవు మొదలై ఏడు వారాలైంది. గిన్నెలు ఎవరు తోమారో ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద రాస్తున్నాం. నేను నాలుగుసార్లు, అమ్మ నేను వద్దన్నా వినకుండా రెండుసార్లు, అతను ఒకసారి. ఎనిమిదో వారం గడిలో అతని పేరు రాసి ఉంది. శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఆఫీసు పని మీద అర్జెంటుగా ఊరెళ్ళాల్సి వచ్చిందట.